ఆ డబ్బా ఏం చెప్పిందంటే

ఒరేయ్ అబ్బయా,

బాగున్నావా? ఫోన్‌లో తల తిరుగుతోందిరా అంటే, "నీకు తిరగందెప్పుడు?" అని నవ్వావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఇక్కడైతే మధ్యలో అడ్డం రాలేవు.

గుండె సంగతి నీకు తెలిసిందే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదులు సరిగా ముడుచుకోకుండా గిలగిల్లాడతాయంట. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోకుండా పలచబరిచే మాత్ర ఇచ్చారు. గడ్డం గీసుకునేటప్పుడు గాటు పడిందా, దూది అదిమి పట్టుకుని కూర్చోవాల్సిందే. పోనీ, అదైనా పేరున్న జబ్బు. ఈ తల తిరుగుడుకే పేరు లేదు.

మొన్న కొట్లో పై అర నుంచి లుంగీల కట్ట దించుతున్నా. ముందు చెవుల్లో గుయ్‌మంది. ఆ వెంటనే కాళ్ల కింద గచ్చు మెల్లగా పక్కకు జారింది, పడవలో నిలబడ్డట్టు. బల్ల పట్టుకుని కూలబడ్డా. బేరానికొచ్చిన పెద్దాయన "పొద్దున్నేనా?" అన్నాడు. కల్లు వాసన కూడా ఎరగనోడికి ఆ పేరూ వచ్చింది!

ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట టెన్షన్ అన్నారు. ఆ రెండూ చెప్పడానికి మా అక్క చాలు. మూడో డాక్టరమ్మ నయం. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూసింది. పై అంకె 20 పడిపోతే అదే కారణం అనుకోవచ్చంట. నాకు 8 తగ్గింది. చెవి లోపలి సన్నటి పలుకులు చోటు తప్పాయేమోనని తల మంచం అంచు దాటించి వేలాడదీసి కళ్లలోకి చూసింది. గుడ్లు అదరలేదు, అంటే అదీ కాదు.

ఈసీజీ పది సెకన్ల ముచ్చట, అందులో దొరకదని, రోజంతా గుండె కొట్టుకునే తీరు రాసుకునే హోల్టర్ కట్టింది. ఛాతీ గొరిగి, వైర్లు అంటించి, నడుముకు ఒక డబ్బా. 24 గంటలు స్నానం లేదు. అసలే రోహిణీ కార్తె, నెల్లూరు! చెమటకు ఎక్కడ ఊడతాయోనని ఫ్యాను కిందే కాపురం. తల తిరిగినప్పుడల్లా టైము రాయమంది.

నేను రాసింది 10.40, 4.15. ఆ రెండుసార్లూ గుండె బుద్ధిగానే కొట్టుకుందిరా! తాళం తప్పిందెప్పుడో తెలుసా? రాత్రి రెండున్నరకి, నేను గురక పెడుతుంటే. దొంగ వేరే ఎవరో అన్నమాట. "గుండె పని కాదేమో అనిపిస్తోంది, కానీ ఒక్కరోజు లెక్కతో తేల్చలేం. ఏమిటో నాకింకా తెలీదు" అంది డాక్టరమ్మ. నమ్ముతావో లేదో, తెలీదన్న ఆ మాటకి నాకు ప్రాణం కుదుటపడింది. ఈసారి వారం రోజులు కడతారంట.

అందాకా బండి తాళాలు మావాళ్లు దాచేశారు. పడి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నాననిపించినా వెంటనే ఆసుపత్రికి రమ్మంది, ఆ పలచబరిచే మాత్ర వల్ల. పొద్దున మంచం దిగే ముందు కాసేపు అంచున కూర్చుంటున్నా, పెళ్లిపీటల మీద వరుడిలా.

మొహర్రానికి బారాషహీద్ దర్గాకు పోయి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకోమని అక్క ఒకటే పోరు. నాకూ పోవాలనే ఉంది. కానీ ఆ జనంలో, మోకాళ్ల లోతు నీళ్లలో తూలితే పట్టుకునే చెయ్యి ఒకటి కావాలి. ఒంగోల్లో పినాకిని రైలు ఎక్కెయ్. వస్తూ వస్తూ మైసూరుపాకు తేరా. షుగర్ లేదు, అదీ చూశారు.

నీ
తూలుడుగాడు