దుబారా తగ్గించాకే టోల్ మాట ఎత్తాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. రాష్ట్ర రహదారుల నిర్వహణను ప్రైవేటు సంస్థలకు అప్పగించి టోల్ వసూలుతో బాగుచేయించే ఆలోచన ఉందని, ముందుగా ఉభయ గోదావరి జిల్లాల్లో అమలుచేసి చూస్తామని ముఖ్యమంత్రి 2024 నవంబరులో శాసనసభలో చెప్పారు. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంటుందన్నారు. సంతోషమే గానీ, బస్సులు, లారీల మీద వేసిన రుసుము వాటి యజమానుల జేబుతో ఆగిపోదు. మా చిత్తూరు ప్రాంతం నుంచి టమోటా చెన్నై, బెంగళూరు మార్కెట్లకు లారీల్లోనే పోతుంది. దారిలో కట్టిన టోల్ బాడుగలో కలుస్తుంది, బాడుగ రైతుకు రావలసిన డబ్బులో తెగుతుంది. ఇక తోతాపురి మామిడికి 2025లో ధర లేక, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వమే ఇస్తానని ప్రకటించాల్సి వచ్చింది. ఆ నాలుగు రూపాయల్లోంచే మళ్లీ దారి ఖర్చు గుంజుకుంటే ఇచ్చిన సాయానికి అర్థమేముంది? ఆర్టీసీ బస్సెక్కేవారి టికెట్‌లోనూ టోల్ కలిసే ఉంటుంది.

రోడ్ల కోసం మనం కట్టనిదేమీ లేదు. పెట్రోలు, డీజిలు ధరలో కేంద్రం రోడ్లు, మౌలిక వసతుల సెస్సు తీసుకుంటోంది. 2020లో రాష్ట్రం కూడా రోడ్ల అభివృద్ధి పేరిట లీటరుకు రూపాయి సెస్సు వేసింది. బండి కొన్ననాడే జీవితకాల పన్ను సరేసరి.

ఒకసారి గేటు పెట్టాక రుసుము ఎటు పోతుందో జాతీయ రహదారులను చూస్తే తెలుస్తుంది. 2008 నాటి నిబంధనల ప్రకారం టోల్ ఏటా అసలు రేటు మీద 3 శాతం చొప్పున పెరిగి తీరుతుంది. టోకు ధరలు పెరిగితే ఆ పెరుగుదలలో 40 శాతం దానికి తోడవుతుంది. టోకు ధరలు ఒక్క పైసా పెరగకపోయినా రుసుము మాత్రం ఏటా పెరుగుతూనే పోతుంది. 2024లో లోక్‌సభ ఎన్నికల కారణంగా పెంపును ఆపి, పోలింగు ముగియగానే, ఓట్ల లెక్కింపు వరకైనా ఆగకుండా జూన్ 3 నుంచి అమలుచేశారు. పెట్టుబడి తిరిగి వచ్చాక రుసుము 40 శాతానికి తగ్గాలన్న నియమాన్ని అంతకుముందే, 2023లో మార్చేశారు. ఢిల్లీ–నోయిడా వంతెన మీద వాహనదారుల నుంచి టోల్ వసూలు చెల్లదని అలహాబాదు హైకోర్టు 2016లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2024 డిసెంబరు వచ్చింది.

ఖజానాలో డబ్బు లేదంటారు. పింఛన్లు, రేషన్ బియ్యం తగ్గించమని ఎవరూ అడగడం లేదు. గ్రామ సచివాలయాలకు గత ప్రభుత్వం పార్టీ రంగులు వేయించింది. హైకోర్టు తప్పుపట్టి, 2020లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోకపోవడంతో వాటిని మార్చాల్సి వచ్చింది. వేసిన డబ్బూ, చెరిపిన డబ్బూ ప్రజలదే. ప్రభుత్వం మారినా ఆర్భాటం తగ్గలేదు: ప్రతి శంకుస్థాపనకూ భారీ వేదికలు, పేజీ నిండా నాయకుల బొమ్మలతో ప్రకటనలు. (ఆ ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తాయి కనుక ఈ వాక్యానికి కత్తెర పడదని ఆశిస్తాను.) ఇవన్నీ మానుకున్నా రోడ్లకు సరిపోదని ఆర్థిక శాఖ అనవచ్చు, సరిపోదు కూడా. అయినా తన ఖర్చులో రూపాయి తగ్గించుకోని ప్రభుత్వం జనాన్ని ఇంకో రూపాయి అడగడం ఎలా న్యాయమవుతుంది? కొత్తగా ఎక్స్‌ప్రెస్‌వే వేసి, పక్కన మామూలు దారి కూడా ఉంచితే, త్వరగా పోవాలనుకునేవారు టోల్ కట్టడానికి అభ్యంతరం లేదు. మారు దారి లేని పాత రోడ్డుకు గుంతలు పూడ్చి గేటు పెట్టడం వేరు.

అందుచేత టోల్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోయే ముందు, లీటరుకు రూపాయి చొప్పున వసూలైన సెస్సు ఏ జిల్లాలో ఏ రోడ్డుకు ఖర్చయిందో ప్రభుత్వం శాసనసభకు చెప్పాలి. గాదంకి, మహాసముద్రం వంటి ప్రతి టోల్‌ప్లాజా వద్దా రోడ్డుకైన ఖర్చు, ఇంతవరకు వసూలైన మొత్తం అందరికీ కనబడేలా బోర్డు మీద రాయించాలని తిరుపతి, చిత్తూరు ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు