వార్షిక నివేదిక: కంప్యూటర్ గదికి పవర్డ్ హబ్ వచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీ సంక్షేమ సంఘం ఈ ఏడాది చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. కాలువలు, మొక్కలు, పండుగలు ఎప్పటిలాగే సాగాయి కాబట్టి వాటి గురించి క్లుప్తంగా చెప్పి, ఎక్కువ చోటు హాలు పక్కనున్న కంప్యూటర్ గదికి ఇస్తున్నాను. అక్కడ జరిగింది చూడ్డానికి చిన్న పని: తగిలించిన యూఎస్‌బీ పరికరాలకు గోడ సాకెట్ నుంచి విడిగా కరెంటు ఇచ్చే పవర్డ్ హబ్ ఒకటి పెట్టాం. కానీ పింఛను తీసుకునే పెద్దవాళ్ళకూ, అప్లికేషన్ల కోసం వచ్చే పిలకాయలకూ దానివల్ల ఎంతో మేలు జరిగింది. ఆ పని ఎలా చేశామో రాసి పెట్టుకుంటే, రేపు ఆ గది తాళం ఎవరి చేతికి వచ్చినా ఇబ్బంది లేకుండా నడుపుకోవచ్చు.

ముందుగా మిగతా పనులు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపే మురుగుకాలువల్లో పూడిక తీయించాం. 2021 నవంబరు వరదలు చూసిన ఊరు మనది. కొండ మీది నీళ్ళు ఎంత వేగంగా వీధుల్లోకి దిగుతాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. గంగ జాతర రోజుల్లో దారిన పోయేవాళ్ళకు మజ్జిగ పోశాం. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. పార్కులో ఎండిపోయిన మొక్కల చోట వేప, కానుగ నాటించాం. వాటికి నీళ్ళు పోసే బాధ్యతను వీధుల వారీగా పంచుకున్నందుకు మహిళా సభ్యులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఇక కంప్యూటర్ గది.

ఆ గదిలోని పెద్ద కంప్యూటర్‌కు తగిలించినవి ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా పెరిగాయి. కీబోర్డు, మౌస్, ప్రింటర్ మొదటి నుంచీ ఉన్నవే. తర్వాత వెబ్‌క్యామ్, కాగితాలు స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్, సంఘం రికార్డులు దాచుకునే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, చివరగా జీవన్ ప్రమాణ్ (పింఛనుదారుల డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) కోసం వేలిముద్ర స్కానర్ వచ్చాయి. కంప్యూటర్ వెనక ఉన్న పోర్టులు చాలక, ఒక పోర్టును నాలుగు చేసే, అడాప్టర్ లేని చిన్న హబ్‌ను ముందు పోర్టుకు తగిలించి నెట్టుకొస్తూ ఉన్నారు.

మన కాలనీలో రైల్వేలో చేసి రిటైరైనవాళ్ళు, కుటుంబ పింఛను తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్ళు దాటినవాళ్ళయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలైనప్పటి నుంచి బ్యాంకులో క్యూ కట్టే అవసరం లేదు. ఆధార్, పీపీఓ (పింఛను మంజూరు పత్రం) నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను దగ్గరుంటే వేలిముద్రతో పనైపోతుంది. అందుకే ఆ నెలలో మన గది బయట కుర్చీలు నిండిపోతాయి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సీజన్ మొత్తానికీ కీలకమైంది. కుటుంబ పింఛను తీసుకునే ఒక పెద్దావిడ స్కానర్ మీద బొటనవేలు పెట్టారు. గాజు కింద ఎర్రలైటు వెలిగింది, వెంటనే ఆరిపోయింది. కంప్యూటర్‌లోంచి ఏదో ఊడిపోయినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. తెర మూలన ‘యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్’ అని పడింది. మన వాలంటీరమ్మాయి "ఇంకొకసారి పెట్టు అవ్వా" అంటే, ఆవిడ వేలిని కొంగుతో తుడుచుకుంటూ "గిన్నెలు తోమీ తోమీ గీతలు అరిగిపోయినాయేమో అమ్మీ" అన్నారు. వయసు పైబడ్డవాళ్ళకు వేలి గీతలు అరగడం నిజమే. కానీ గీతలు సరిగ్గా పడకపోతే మళ్ళీ పెట్టమంటుందే గానీ లైటు ఆరిపోదు. ఆవిడ వేలిలో లోపమేమీ లేదు. ఆ మాట ఆవిడకు అక్కడే చెప్పి, ఫోనులో ముఖం చూపించే పద్ధతిలో పని పూర్తి చేసి పంపారు. 2021 నుంచి ఆ సౌకర్యం కూడా ఉంది.

స్కానర్ పాడైందని కొందరు, సర్వర్ సమస్య అని కొందరు అన్నారు. ఇంజనీరింగ్ చదివే మన కాలనీ కుర్రాళ్ళు మాత్రం వోల్టేజీ చూపించే యూఎస్‌బీ మీటర్ తెచ్చి, హబ్‌కూ స్కానర్‌కూ మధ్యలో పెట్టి చూశారు. ఐదు వోల్టులు ఉండాల్సిన చోట, హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టగానే నాలుగున్నర కన్నా కిందికి దిగిపోయింది. డిస్క్ తీసేస్తే స్కానర్ చక్కగా పని చేసింది. డిస్క్ పెట్టి, వెబ్‌క్యామ్ కూడా ఆన్ చేస్తే మళ్ళీ లైటు ఆరింది. అంటే వస్తువులన్నీ మంచివే. వాటికి అందే కరెంటే చాలడం లేదు.

దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఇళ్ళలో కూడా చాలామందికి ఇదే ఇబ్బంది ఉంది, తెలియక మంచి వస్తువులను పారేస్తున్నారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది ఐదు వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. లోపల నీలం రంగు ఉండే యూఎస్‌బీ 3.0 పోర్టు అయితే 900 మిల్లీ ఆంపియర్లు, నాలుగున్నర వాట్లు. అడాప్టర్ లేని హబ్ ఆ ఒక్క పోర్టుకు వచ్చేదాన్నే అందరికీ పంచాలి. 2.0 ప్రమాణం ప్రకారం తన అవసరానికి కొంత ఉంచుకుని, ఒక్కో పోర్టుకు 100 మిల్లీ ఆంపియర్లే ఇవ్వగలదు. కీబోర్డుకు, మౌస్‌కు అది చాలు. హార్డ్ డిస్క్‌కు ఎంత మాత్రం చాలదు. ఒకే అరంగుళం పైపు మీద మేడంతా కుళాయిలు పెట్టుకుంటే, కింది ఇంట్లో మోటారు వేయగానే పై అంతస్తులో నీళ్ళు ఆగిపోతాయి కదా, ఇక్కడ జరిగిందీ అంతే.

పవర్డ్ హబ్‌కు గోడ సాకెట్ నుంచి విడిగా అడాప్టర్ ఉంటుంది. కంప్యూటర్ నుంచి వచ్చే వైరు సమాచారం మోయడానికి, పరికరాలకు కరెంటేమో అడాప్టర్ నుంచి. కంప్యూటర్ పోర్టు మీద భారం పడదు.

కొనే ముందు కుర్రాళ్ళు ప్రతి పరికరం అడుగున రాసి ఉన్న గరిష్ఠ కరెంటును ఒక కాగితం మీద రాసి కూడారు. స్కానర్లు, వెబ్‌క్యామ్, డిస్క్ అన్నీ ఒకేసారి పని చేసినా రెండు ఆంపియర్ల చుట్టుపక్కల తేలింది. అందుకు రెట్టింపుగా, ఐదు వోల్టులు, నాలుగు ఆంపియర్ల అడాప్టర్ ఉన్న ఏడు పోర్టుల 3.0 హబ్ తీసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. ఇక్కడొక మాట గుర్తుంచుకోవాలి. ఏడు పోర్టులున్నంత మాత్రాన ఏడింటికీ పూర్తి కరెంటు వస్తుందని కాదు. ఒక్కోదానికి 900 చొప్పున వేసుకుంటే 6.3 ఆంపియర్లు, అంటే 31 వాట్లకు పైనే కావాలి. మన అడాప్టర్ 20 వాట్లది. మన అవసరానికి అది బాగా సరిపోతుంది, కానీ ఎవరైనా రెండో హార్డ్ డిస్క్, మూడో డిస్క్ తెచ్చి తగిలించే ముందు లెక్క చూసుకోవాలి. హబ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య కన్నా ముందు అడాప్టర్ మీద రాసినది చదవాలని నా గట్టి అభిప్రాయం.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో తక్కువకు వస్తుందని కొందరు సభ్యులు చెప్పారు. ఆ మాట నిజమే అయినా, ఏదైనా తేడా వస్తే తీసుకెళ్ళి అడగడానికి మన ఊళ్ళో షాపే మేలనుకున్నాం. అడాప్టర్ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టాం. ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇలాంటి అడాప్టర్లకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎత్తిచూస్తే గాలిలా తేలిగ్గా ఉండి, ఏ గుర్తూ లేని అడాప్టర్లు బజార్లో చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళూ పిల్లలూ కూర్చునే గదిలో అలాంటిది పెట్టడానికి కార్యవర్గంలో ఎవరూ ఒప్పుకోలేదు.

షాపులోనే ఇంకొక పరీక్ష కూడా చేయించారు. హబ్‌కు అడాప్టర్ పెట్టి, ఆపేసిన కంప్యూటర్‌కు తగిలించి చూశారు. కొన్ని హబ్‌లు అడాప్టర్ కరెంటును వెనక్కి కంప్యూటర్‌లోకి పంపిస్తాయి. అప్పుడు కంప్యూటర్ ఆపినా లోపల లైటు వెలుగుతూనే ఉంటుంది, ఒక్కోసారి ఫ్యాన్ కూడా తిరుగుతుంది, మదర్‌బోర్డుకు అది మంచిది కాదు. మొదట చూపించిన హబ్‌లో లైటు వెలిగింది. వద్దని వేరేది తీసుకున్నారు.

బిగించే పని ఒక ఆదివారం పొద్దున జరిగింది. ముందు అడాప్టర్, తర్వాత కంప్యూటర్ వెనకాల నీలం పోర్టుకు హబ్ వైరు, ఆ తర్వాత పరికరాలు ఒక్కొక్కటిగా, తేలికైనవి ముందు, డిస్క్ చివర. ఒక్కోటి పెట్టి, కంప్యూటర్ గుర్తుపట్టిందని చూశాకే తర్వాతది. కీబోర్డు, మౌస్ మాత్రం హబ్‌కు పెట్టలేదు, కంప్యూటర్‌కే ఉంచారు. హబ్‌కు ఏమైనా అయినా కంప్యూటర్ మన చేతిలో ఉంటుంది. ప్రింటర్‌కు సొంత కరెంటు ఉంది కాబట్టి అదీ నేరుగానే. హబ్‌లో ప్రతి పోర్టుకూ విడిగా స్విచ్ ఉంది. దాని పక్కనే తెలుగులో చీటీలు అంటించారు: వేలు, కాగితం, కెమెరా, డిస్క్. ఈ చీటీల ఆలోచన మన వాలంటీరమ్మాయిదే. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఎవరినీ అడగకుండా పని చేసుకుంటున్నారు.

అప్పుడు ఒక కొత్త చిక్కు వచ్చింది. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో అలజడి పుడుతుంది, వైర్‌లెస్ మౌస్ మాట్లాడేది కూడా అక్కడే. కంప్యూటర్‌కు తగిలించే మౌస్ రిసీవర్ బుడిపెను చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో హబ్‌కు దూరంగా, బల్ల ముందు అంచుకు తేగానే సరిపోయింది. అలాగే విండోస్‌లో డివైస్ మేనేజర్‌కు వెళ్ళి, కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ హబ్‌ను ఆపేసే టిక్కును తీసేశారు. మధ్యాహ్నం గది ఖాళీగా ఉండి, సాయంత్రం మళ్ళీ తెరిస్తే స్కానర్ నిద్ర లేవకపోవడం అనే గొడవ దాంతో పోయింది.

కరెంటు పోయినప్పటి సంగతి అన్నిటికన్నా ముఖ్యం. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండి, హబ్ అడాప్టర్ మామూలు సాకెట్‌లో ఉంటే, కరెంటు పోగానే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది గానీ హబ్ మీద ఉన్నవన్నీ ఒక్కసారిగా ఊడినట్టే. డిస్క్‌లోకి రాస్తుండగా అలా జరిగితే ఫైళ్ళు చెడిపోతాయి. గాలివానల నెలల్లో మన దగ్గర ఇది రోజువారీ సంగతి. అందుకే హబ్ అడాప్టర్‌ను కూడా యూపీఎస్‌కే పెట్టించాం. దయచేసి ఫోను ఛార్జింగ్ కోసం ఆ ప్లగ్గు తీయకండి. ఛార్జర్లకు గోడ దగ్గర విడిగా బోర్డు వేయించాం.

ఇంకొక జాగ్రత్త. పక్కనే ఉన్న ఇంటర్నెట్ రూటర్ అడాప్టర్ 12 వోల్టులది, హబ్‌ది 5 వోల్టులది. రెండింటి పిన్నూ ఒకేలా ఉంటుంది. మార్చి పెడితే హబ్ కాలిపోతుంది, దాంతోపాటు దానికి తగిలించినవి కూడా పోవచ్చు. అందుకే రూటర్ అడాప్టర్‌కు ఎర్ర టేపు, హబ్‌కూ దాని అడాప్టర్‌కూ పచ్చ టేపు చుట్టారు. పచ్చది పచ్చదానికే.

ఈ పనంతా అయ్యాక మిగిలిన పింఛనుదారుల సర్టిఫికెట్లు స్కానర్ ఆగిపోయి నిలిచిపోవడం అనేది లేకుండా పూర్తయ్యాయి. గీతలు నిజంగానే అరిగినవాళ్ళకు ముఖం పద్ధతి వాడాం. ముందు చెప్పిన పెద్దావిడ తన చెల్లెలిని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు. ఆ చెల్లెలి వేలిముద్ర మొదటిసారికే పడింది. అది చూసి వాలంటీర్లు పడ్డ సంతోషం నేను ఈ నివేదికలో తప్పక రాయాలనుకున్నాను.

పెద్దవాళ్ళ ఆధార్ కాపీలు గానీ, వేలిముద్రలు గానీ మన డిస్క్‌లో దాచడం లేదు. అందులో ఉండేది సంఘం తీర్మానాలు, రసీదులు, ఫొటోలు మాత్రమే. స్కాన్ చేసిన కాగితాన్ని వచ్చినవాళ్ళ పెన్‌డ్రైవ్‌కు గానీ మెయిల్‌కు గానీ పంపి, వాళ్ళ ఎదుటే తీసేయాలని వాలంటీర్లకు చెప్పాం. దీన్ని కార్యవర్గం నియమంగా తీర్మానించింది.

హబ్‌కు, యూపీఎస్ బ్యాటరీకి, విద్యుత్ బోర్డుకు అయిన ఖర్చు బిల్లులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి. ఏ సభ్యుడైనా అడిగి చూడవచ్చు. పాత చిన్న హబ్‌ను పారేయలేదు. పిల్లలు వాడే రెండో కంప్యూటర్‌కు కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ కోసం అది చక్కగా సరిపోతోంది.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ముందున్న పనులు: గదిలో ఎర్తింగ్ సరిచూడటం, రెండో కంప్యూటర్‌కు వెబ్‌క్యామ్, అక్టోబరు 1 నాటికే 80 ఏళ్ళు దాటినవారి జాబితా తయారుచేసి, కదలలేనివాళ్ళ ఇళ్ళకు ల్యాప్‌టాప్‌తో వెళ్ళడం. ల్యాప్‌టాప్‌కు వేలిముద్ర స్కానర్ ఒక్కటే తగిలిస్తాం కాబట్టి అక్కడ హబ్ అక్కర్లేదు. నవంబరు సాయంత్రాల్లో రెండు గంటలు కూర్చోగలిగిన వాలంటీర్లు కావాలి. కంప్యూటర్ వాడటం ముందే వచ్చి ఉండాల్సిన పని లేదు, పెద్దవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడగలిగితే మిగతాది మేము నేర్పిస్తాం. పేర్లను ఈ సమావేశం ముగిసేలోపు కార్యదర్శికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి