ఆ పరిశోధనను వెనక్కి తీసుకున్నారని మాకెవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి,

కొన్నేళ్ల కిందట మీ పత్రికలో ఒక చిన్న వార్త చదివాను. ఫారంలో సంతకం చివర కాకుండా మొదట్లోనే పెట్టిస్తే జనం వివరాలు నిజాయితీగా రాస్తారట. 2012లో అమెరికా సైన్స్ అకాడమీ జర్నల్‌లో వచ్చిన పేపర్ అది. నాకు భలే నచ్చింది. మా ఆఫీసులో పట్టుబట్టి ఫారాలన్నీ మార్పించాను.

ఆ పేపర్‌ను 2021లోనే వెనక్కి తీసుకున్నారని పోయిన నెల ఒక మిత్రుడు చెబితే తెలిసింది. కారు ఎన్ని మైళ్లు తిరిగిందో బీమా కస్టమర్లు రాసిచ్చిన లెక్కలు అందులో ఒక ముఖ్యమైన ఆధారం. ఆ లెక్కలే కల్పితమని మరికొందరు పరిశోధకులు బయటపెట్టారు. అంతకు ముందు ఏడాదే ఆ రచయితలు ప్రయోగం మళ్లీ చేసి, ఫలితం రాలేదని ఒప్పుకున్నారు కూడా. నిజాయితీ మీద పరిశోధనలో దొంగ లెక్కలు! మొదట నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఈ సంగతి మీ పత్రికలో వచ్చిందేమోనని వెతికాను. నాకైతే కనబడలేదు.

ఇది నా ఒక్కడి గొడవైతే ఉత్తరం రాసేవాణ్ని కాదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. అందులో పరిశీలించింది 12 మంది పిల్లల్ని. దాన్ని పూర్తిగా ఉపసంహరించేసరికి 2010 వచ్చింది. ఈ పన్నెండేళ్లలో ఆ భయం ఎన్ని ఇళ్లకు చేరిందో! ఉపసంహరణ వార్త అందులో ఎన్నింటికి చేరి ఉంటుంది? అప్పుల మీద 2010లో వచ్చిన ఆర్థిక పరిశోధనా అంతే. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి కుంగిపోతుందన్న మాట పట్టుకుని ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలని నాయకులు వాదించారు. స్ప్రెడ్‌షీట్‌లో ఐదు దేశాలు సరాసరిలోంచి జారిపోయాయని 2013లో ఒక విద్యార్థి పట్టుకున్నాడు. మరికొన్ని లోపాలు కూడా సరిచేసి లెక్కవేస్తే, అంత అప్పున్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతమని తేలింది. అప్పు పెరిగితే వృద్ధి తగ్గుతుందన్న మాట మీదే ఆ రచయితలు నిలబడ్డారు, అది వేరే చర్చ.

తప్పులు పట్టుకున్నదీ పరిశోధకులే కాబట్టి నాకు వాళ్ల మీద నమ్మకం పోలేదు. 2015లో 100 మనస్తత్వ శాస్త్ర ప్రయోగాలను తిరిగి చేసి చూసి, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే నిలిచాయని తమ రంగం గురించి తామే చెప్పుకున్నారు. ఈ పని పత్రికలు ఎందుకు చేయవు?

అదే ఏడాది జాన్ బోహనన్ అనే సైన్స్ జర్నలిస్టు, చాక్లెట్ తింటే త్వరగా సన్నబడతారని కావాలనే ఒక నాసిరకం పరిశోధన వదిలాడు. చివరిదాకా ఉన్నది 15 మంది, తీసిన కొలతలు 18. అన్ని కొలిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగానైనా కలిసొస్తుంది. అయినా ఎన్నో దేశాల పత్రికలు అచ్చేసుకున్నాయి. ఎంతమంది మీద చేశారని ఒక్క ప్రశ్న వేసుంటే ఆ వార్త అక్కడే ఆగేది.

కాబట్టి ఇకనుంచి పరిశోధన వార్త వేసినప్పుడల్లా ఎంతమంది మీద చేశారో, మనుషుల మీదో ఎలుకల మీదో, డబ్బెవరు పెట్టారో రాయండి. ఆ పేపర్ వెనక్కి వెళ్తే, మొదట వేసిన పేజీలోనే ఆ మాటా వేయండి. మా ఆఫీసులో ఫారాలు ఇంకా సంతకం పైనే పెట్టుకుని తిరుగుతున్నాయి. మళ్లీ మార్చమంటే, ఈసారి ఏ పేపర్‌లో వచ్చిందని మా మేనేజర్ అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు