సెల్ఫ్ బటన్ పెట్టించుకోండి గానీ, వైరు డైరెక్ట్‌గా లాగించకండి

సంపాదకులు గారికి,

పాత కారుకి సెల్ఫ్ తీసుకోకపోతే మన విజయనగరంలో వినిపించే మాటలు రెండే. "సెల్ఫ్ మోటార్ పోయింది సార్, మార్చేద్దాం" అని ఒకటి, "ఏటి సార్, ఇంకా ఈ బండేనా, అమ్మేయండి" అని రెండోది. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని మరీ మారుతి 800నో అంబాసిడర్‌నో ఉంచుకున్నవాడికి ఆ రెండో మాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మూడో దారి కూడా ఉంది, స్టీరింగ్ పక్కన విడిగా ఒక బటన్ పెట్టుకోవడం. పాత విల్లీస్ జీపుల్లో అయితే సెల్ఫ్ కాలితోనే తొక్కేవారు, కాబట్టి తాళంతో తప్ప బండి లేవకూడదన్న రూలేమీ లేదు. బటన్ మంచిదే, కానీ కొన్ని షాపుల్లో దాన్ని పెట్టే తీరు చూస్తేనే టెన్షన్ వస్తోంది.

అసలు జబ్బు చాలాసార్లు మోటార్‌లో ఉండదు. మోటార్‌కి కావాల్సిన పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి లావు కేబుల్లో నేరుగా వస్తుంది, దాన్ని కలిపేది సోలినాయిడ్. ఆ సోలినాయిడ్‌ని లేపడానికి కూడా ఒక్క క్షణం పాటు గట్టిగానే ఆంపియర్లు కావాలి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేని పాత కార్లలో అదంతా తాళం వెనకున్న చిన్న స్విచ్ గుండా, సన్న వైరు గుండా పోవాల్సిందే. ఏళ్లు గడిచేకొద్దీ స్విచ్ లోపలి పాయింట్లు నల్లబడతాయి, మన సముద్రపు గాలికి కనెక్షన్లు చిలుము పడతాయి, వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. తాళం తిప్పితే టక్కుమని ఒక్క శబ్దం, అంతే. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు ఇంకా మొండికేస్తుంది, ఎందుకంటే వేడెక్కిన సోలినాయిడ్ కాయిల్ కరెంటుని ఇంకా తక్కువ తీసుకుంటుంది. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగితే ముందు తోయడానికి మనుషులు కావాలి, తర్వాత సలహాలిచ్చేవాళ్లు వాళ్లే వస్తారు.

బటన్‌కి ముందు చూడాల్సినవి ఉన్నాయి. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ శుభ్రం చేయించండి. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి ఒకరు తాళం తిప్పుతుంటే, ఇంకొకరు సోలినాయిడ్‌కి సన్న వైరు వచ్చే చిన్న టెర్మినల్ దగ్గర వోల్టు మీటరు పెట్టాలి. బ్యాటరీ గట్టిగా నిలబడి అక్కడ మాత్రం బాగా తక్కువ చూపిస్తే దోషం స్విచ్‌దో వైరుదో. అక్కడికి 10 వోల్టుల పైనే వచ్చి కూడా కదలకపోతే సోలినాయిడో మోటారో పోయినట్టే, బటన్లు ఎన్ని పెట్టినా దండగ.

ఇక షాపుల్లో చేసేది. బ్యాటరీ నుంచి ఒక వైరు, మధ్యలో కాలింగ్ బెల్ బటన్ లాంటిది, అక్కణ్ణుంచి సోలినాయిడ్‌కి ఇంకో వైరు. ఫ్యూజు లేదు, రిలే లేదు. ఆ బటన్ తాళం లేకపోయినా పనిచేస్తుంది. పిల్లవాడు ముందు సీట్లో కూర్చుని నొక్కాడనుకోండి, బండి ఫస్ట్ గేర్లో ఉంటే సెల్ఫ్ మోటారే దాన్ని ముందుకు లాగేస్తుంది. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడాలనే స్విచ్ పాత మోడళ్లలో ఎక్కడుంది? ఆ వైరు వేడి సైలెన్సర్ పైపుకి తగిలి తొడుగు కరిగితే మంటలే. బానెట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ షార్ట్ చేసేవాళ్లయితే గేరు కూడా చూసుకోరు, పైగా బండికి ఎదురుగా నిలబడతారు.

సరైన పద్ధతికి అయ్యే ఖర్చు వందల్లోనే. హారన్లకి వాడే నాలుగు పిన్నుల రిలే ఒకటి, బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు నుంచి లావు వైరు రిలే 30వ పిన్నుకి, 87 నుంచి సోలినాయిడ్‌కి. 85వ పిన్ను ఎర్త్‌కి, అంటే బండి బాడీకి. 86కి తాళం నుంచి వచ్చే పాత సెల్ఫ్ వైరు, దానితో పాటే బటన్ వైరు. బటన్‌కి కరెంటు మాత్రం తాళం ఆన్ చేస్తేనే వచ్చే లైను నుంచి తీయాలి, దీని మీద రాజీ వద్దు. ఇలా చేస్తే తాళం స్విచ్ మీద పడే భారం నామమాత్రం, చాలా బళ్లలో తాళంతోనే మళ్లీ సెల్ఫ్ తీసుకుంటుంది, బటన్ అవసరానికి పడి ఉంటుంది. లారీల పనికి పేరున్న సాలూరు ఎలక్ట్రీషియన్లకి ఇది గంట పని, మనవాళ్లకి రాదని కాదు, అడిగేవాళ్లు లేక. బటన్ మోకాలు తగలని చోట పెట్టించండి, ఇంజిన్ నడుస్తుండగా నొక్కితే ఫ్లైవీల్ పళ్లు అరిగిపోతాయి.

పని అయ్యాక బండి న్యూట్రల్‌లో పెట్టి, తాళం జేబులో వేసుకుని, మెకానిక్ ఎదురుగానే బటన్ నొక్కండి. ఇంజిన్ కదిలిందా, డబ్బులివ్వకండి.

ఇట్లు,
ఒక పాత కారు యజమాని, విజయనగరం