కుంగే పునాదుల గురించి భవన అనుమతుల అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానాధికారి గారికి,

నేరుగా పంపిన విన్నపాలకు జవాబు రానందున నలుగురి ముందు రాస్తున్నాం.

భవనమంతా సమానంగా దిగితే నష్టం తక్కువే. ఒక మూల ఎక్కువ దిగితేనే ప్రమాదం. 6 మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య 20 మిల్లీమీటర్ల తేడా వస్తే గోడలు పగలొచ్చు. 40 వస్తే స్తంభాలకు, దూలాలకే ముప్పు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగులును పుట్టీ పెట్టి దాచడం (అదే జరుగుతోంది) మరమ్మతు కాదు.

బంకమట్టి ఏళ్ల తరబడి నీటిని వదులుతూ కుంగుతుంది. పక్క స్థలంలో సెల్లార్ కోసం నీరు తోడితే ఆ వేగం పెరుగుతుంది. సాన్‌ఫ్రాన్సిస్కోలోని 58 అంతస్తుల మిలీనియం టవర్ పైల్స్ (నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు) రాతిపొరను చేరలేదు. 2009లో పూర్తయిన ఆ భవనం 2016 నాటికి సుమారు 40 సెంటీమీటర్లు కుంగింది. తర్వాత రాతిపొర దాకా 18 పైల్స్ దించాల్సి వచ్చింది.

ఇక్కడ అప్పు వాయిదాలు కడుతున్న కుటుంబాలు ఇలా కుంగే ఇళ్లలో నిద్రపోలేవు, అమ్ముకోనూ లేవు.

ప్రతి ఎత్తైన భవనంలో స్తంభాలకు, ఎంత కుంగాయో కొలిచే లెవెల్ గుర్తులు బిగించండి. నిర్మాణంలో నెలనెలా, తర్వాత ఐదేళ్లు మూడు నెలలకోసారి కొలిపించి, ఆ లెక్కలతోపాటు మట్టి పరీక్ష నివేదికలనూ నివాసులకు ఇప్పించండి. 30 రోజుల్లో లిఖితపూర్వక సమాధానం కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు పునాది, నిర్మాణ ఇంజనీర్లు