బుజ్జిగాడికి, బురదరొయ్యల ఊరి నుంచి

లఫయెట్, లూసియానా
జూన్ 14

ఒరేయ్ బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కాలవ కట్టేశాక మిగిలిన మడుగులో, మోకాళ్ల లోతు బురదలో నిలబడి, చేతిలో కొర్రమీనుతో ఆ ఇకిలింపేంట్రా! కింద మళ్లీ "నీకక్కడ ఐసు తెలాపియాయేగా" అని ఒక పోటు. దానికి ఫోన్లో రెండు ముక్కలు జవాబు కొడితే నా కడుపు చల్లారదు. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువు.

ముందు నిజం ఒప్పేసుకుంటాను. డాలస్‌లో ఉన్న తొమ్మిదేళ్లూ ఐసు చేపే తిన్నాం. తోలు లేదు, ముల్లు లేదు, నీచు వాసన కూడా లేదు. పులుసు పెడితే చింతపండు రుచి తెలిసేది తప్ప చేప రుచి తెలిసేది కాదు. ఉద్యోగం ఇటు మారి, ఒక నవంబర్లో సామాను బండి వెనకాలే కారు నడుపుకుంటూ వస్తున్నాను. దారికి రెండువైపులా చేలు. కోత అయిపోయింది, మోళ్లు కనిపిస్తున్నాయి, కానీ గట్ల దాకా నీళ్లు పెట్టి ఉన్నాయి. పంట ఇంటికొచ్చాక చేలో నీళ్లెందుకురా? మీ నాన్న చూస్తే ఆ రైతుని నిలబెట్టి తిట్టేవాడు.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్భై దాటాయి. కేజన్ మనిషి. అంటే 1755లో ఇంగ్లీషు వాళ్లు కెనడా వైపు నుంచి వెళ్లగొడితే కొన్నాళ్లకి ఇక్కడ తేలిన ఫ్రెంచి వాళ్ల సంతతి. ఆయన్నడిగాను, ఆ నీళ్లేమిటని. "పైపంట తీసేశారు, కింద పంట ఉంది" అన్నాడు. క్రాఫిష్! రొయ్యకీ పీతకీ పెళ్లి చేస్తే పుట్టినట్టుంటుంది. రొయ్య ఒళ్లు, పీత డెక్కలు. నేను బురదరొయ్య అని పేరు పెట్టుకున్నాను. ఎండాకాలం చేలో నీళ్లు తీస్తే అది నేలలోకి బొరియ తవ్వుకుని దిగిపోతుంది, బొరియ మూతి మీద మట్టి ఉండలు పేర్చి చిన్న గొట్టంలా కడుతుంది. గట్ల మీద చూస్తే ఎవరో బుల్లి పొయ్యిగొట్టాలు నిలబెట్టినట్టుంటాయి. అక్టోబర్లో నీళ్లు పెట్టగానే తల్లులు తోక కింద పిల్లల్ని అంటించుకుని పైకొస్తాయి. ఆ పిల్లలు మోళ్ల కుళ్లు మీద పెరిగి మార్చి, ఏప్రిల్, మే నెలల్లో విరగబడి దొరుకుతాయి. మొదట తల్లుల్ని వదిలితే చాలు, ఆ తర్వాత మేత వేసే పని లేదు. మన చేలల్లో పీతలు గట్లు తొలిచేస్తున్నాయని తిట్టుకుంటాం గానీ, వాటినే రెండో పంట చేసుకోవచ్చని మనకెందుకు తట్టలేదో!

ఇది పెంచేది. అసలు అడవి సరుకు అచాఫలాయా అనే చిత్తడిలో ఉంది, మా ఇంటికి అరగంట దూరం. నీళ్లలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, వాటి కొమ్మల నుంచి వేలాడే బూడిదరంగు నాచు, మధ్యమధ్యలో దుంగలా కదలకుండా పడుకున్న మొసలి. మిసిసిపీ నీళ్లూ రెడ్ రివర్ నీళ్లూ కలిపి నూటికి 30 పాళ్లు ఇటు వదిలేలా పైన తలుపులు కట్టారు, 1963 నుంచీ నడుస్తోంది. అవి కట్టకపోతే మిసిసిపీ మొత్తం ఇటే తిరిగిపోయేదట. వసంతంలో వరద బాగా తగిలిన ఏడాది బురదరొయ్యలు బాగా పడతాయి, తగలని ఏడాది పెద్దాయన మొహం మాడ్చుకుని వరండాలో కూర్చుంటాడు. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఎప్పుడొదులుతారా అని మన వాళ్లు కాలవ వంక చూస్తూ కూర్చునేవాళ్లు చూడు, అచ్చం అదే మొహం.

ఆయన పడవలో మొదటిసారి వెళ్లినప్పుడు బోనులు చూసి నవ్వొచ్చింది. తీగ వలతో కుట్టిన తలగడలాంటి బోను, లోపలికి గరాటులా మూతి. ఎరగా చేప ముక్కలు. లోపలికి దూరుతుంది, బయటికి రాలేదు. "ఇది మా మావే!" అని తెలుగులోనే అరిచాను. మీ తాత వెదురు పుల్లలతో అల్లిన మావు గుర్తుందా? బోదె నోటికి అడ్డంగా పెట్టి, రెండు పక్కలా గడ్డీ బురదా కుక్కి, తెల్లారి వెళ్లి ఎత్తితే లోపల తపతపమని చప్పుడు. ఎత్తేముందు ఆ చప్పుడు విని ఎన్ని ఉన్నాయో చెప్పేసేవాడు ముసలాయన. ఇక్కడా అంతే. బోను పైకి లాగుతుంటే గరగరమని శబ్దం, ఎండుటాకులు తొక్కినట్టు.

ఇప్పుడు నా తెలివితక్కువ కథ చెప్పాలి, నవ్వుకో. ఆ మొదటి ఏడాదే సొంతంగా ఒక బస్తా కొన్నాను. బస్తా అంటే మన వడ్ల బస్తా కాదు, వల సంచి, ముప్పై అయిదు పౌన్లు, పదహారు కిలోల దాకా. మర్నాడు చుట్టాలొస్తున్నారని ముందు రోజు సాయంత్రమే తెచ్చి, పాపం బతికుండాలి కదా అని స్నానాలగదిలో తొట్టి నిండా నీళ్లు పట్టి అందులో వదిలాను. తెల్లారేసరికి ఒక్కటి కదల్లేదు. నీళ్లలో బతికేది నీళ్లలోనే చచ్చిపోయింది! నిలవ నీళ్లలో గాలి ఎంతసేపు సరిపోతుందిరా అన్నింటికి? మొప్పలు తడిగా ఉంటే అవి బయటే హాయిగా బతుకుతాయి. సంచి చల్లటి చోట పెట్టి, పైన తడిగుడ్డ కప్పితే చాలట. మా నానమ్మ పీతల బుట్ట మీద తడి గోనెసంచి కప్పేది. నేను రోజూ చూసేవాణ్ణి, ఎందుకని ఏనాడూ అడగలేదు. చచ్చినవాటిని వండకూడదు. పదహారు కిలోలు చెత్తడబ్బాలో పోశాను. ఆ బండి వచ్చేది గురువారం, ఇది శనివారం. ఆ అయిదు రోజుల సంగతి రాయను. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది.

ఆ తర్వాత పెద్దాయన పెరట్లోకి పిలిచి నేర్పాడు. సంచి తొట్టిలో గుమ్మరించి, మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడగడం, గడ్డీ, ఎర ముక్కలూ, చచ్చినవీ ఏరేయడం. ఉప్పునీళ్లలో పోస్తే పేగులో మట్టి కక్కేస్తాయని చాలామంది నమ్మకం. కక్కవు. ఉప్పు దండగ. బయట గ్యాసు పొయ్యి మీద గంగాళంలో నీళ్లు, కారం, నిమ్మకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి గడ్డలు గడ్డలే. ముందు బంగాళాదుంపలు, ఆ తర్వాత మొక్కజొన్న, చివర్న బురదరొయ్యలు. మరిగాక మూడు నిమిషాలే. మంట ఆపేసి అరగంట అలా నానబెట్టాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. మంట మీద ఉడుకుతుంది తప్ప కారం పట్టదు, చల్లారుతున్నప్పుడే ఉప్పూకారం లోపలికి పీల్చుకుంటుంది. మన పులుసు మర్నాటికి బాగుండటం కూడా ఇదే లెక్కేమో.

బల్ల మీద కాగితాలు పరిచి కుమ్మరిస్తారు. కంచాలు లేవు, చెంచాలు లేవు. తల ఒక చేత్తో, తోక ఒక చేత్తో పట్టుకుని మెలితిప్పి లాగు. తోక ఒలిచి నరం తీసి తిను. తల పారేయకు, అందులో పసుప్పచ్చటి కొవ్వుంటుంది, జుర్రెయ్. పీత డొప్పలో అన్నం కలిపి మా అమ్మ ముద్ద పెట్టేది చూడు, ఆ రుచికి దగ్గర. నేను తల జుర్రుతుంటే పెద్దాయన "నువ్వు ఇక్కడి వాడివే" అన్నాడు. పదేళ్లలో అమెరికాలో నాకు దొరికిన మర్యాద అదొక్కటే అనుకో!

కూరకైతే ఓపిక కావాలి. ఏడు పౌన్లు ఒలిస్తే ఒక పౌను కండ. ఇక్కడ దాన్ని వెన్నలో ఉల్లిపాయ, బెంగళూరు మిర్చి, సెలెరీ వేసి మగ్గించి అన్నంలో కలుపుకుంటారు, ఎటూఫే అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకి ఊపిరాడకుండా చేయడమని అర్థం. మూతపెట్టి మగ్గించడం, అంతే. అంటే ఇగురు! నేను వెన్న మానేసి అల్లంవెల్లుల్లి, ధనియాలపొడి, దించేముందు గసగసాల ముద్ద వేసి చేశాను. గిన్నె పక్కింటికి పంపితే ఖాళీగా తిరిగొచ్చింది.

ఇక కప్పల సంగతి. తిట్టకు. పక్కనే రేన్ అని ఊరుంది, ప్రపంచ కప్పల రాజధాని అని చెప్పుకుంటారు, గోడల మీద కప్ప బొమ్మలు వేసుకున్నారు. బుల్‌ఫ్రాగ్ అంటే మన వానాకాలం పచ్చకప్ప కంటే పెద్దది, రాత్రి దాని అరుపు వింటే దూడ అనుకుంటావు. ఏప్రిల్, మే నెలల్లో పట్టకూడదు, మూతి నుంచి పిర్ర దాకా అయిదంగుళాలు లేనిదాన్ని ముట్టుకోకూడదు, లైసెన్సు ఉండాలి. జూన్ రాగానే పెద్దాయన తలకి లైటు కట్టుకుని తయారు. వెలుతురు కళ్లలో పడితే కప్ప కదలదు, రెండు కళ్లూ నిప్పుకణికల్లా మెరుస్తాయి. ఆయన ఈటె వాడడు. పడవ ముందు బోర్లా పడుకుని చెయ్యి చాచి, నడుం దగ్గర ఒడిసిపట్టేస్తాడు. నేను మూడు పట్టబోయి మూడూ వదిలాను, నాలుగోసారి నేనే నీళ్లలో పడ్డాను.

చర్మం తీయడం తేలిక. నడుం చుట్టూ కత్తితో గాటు పెట్టి, పట్టకారుతో కిందికి లాగితే నిక్కరు ఊడినట్టు వచ్చేస్తుంది. కాళ్లు కడిగి పళ్లెంలో పెట్టి ఉప్పు చల్లాను చూడు... కదిలాయి. ఒట్టు. తల లేదు, ఒళ్లు లేదు, కాళ్లు మాత్రం పళ్లెంలో ఎగిరిపడ్డాయి. తాజా కండకి ఉప్పు తగిలితే నరం గుంజుతుందట. మా ఆవిడ కేక వీధంతా వినపడింది. "నీ కప్పలు నువ్వే వండుకో, ఆ మూకుడు మళ్లీ నా వంటింట్లో అడుగుపెట్టకూడదు" అంది. మూకుడు ఇప్పుడు గరాజులో ఉంది. మిరియాలూ కరివేపాకూ వేసి వేపాను. లేత కోడిమాంసంలా ఉంది, దానికోసం నీళ్లలో పడక్కర్లేదు. నువ్వు మాత్రం అక్కడ మొదలెట్టకు. మన దగ్గర నుంచీ ఒకప్పుడు కప్పకాళ్లు ఓడలకెక్కేవి, 1987లో ఎగుమతి ఆపేశారు. చేలో పురుగుల్ని తినే కప్పల్ని తినేస్తే ఇక మందు డబ్బాలే గతి.

చేపల దగ్గరికొద్దాం, నీ అసలు పోటు అదే కదా. ఇక్కడ షూపిక్ అని ఒక చేప ఉంది. మొదటిసారి గాలానికి పడ్డప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. పొడుగాటి ఒళ్లు, వీపు పొడవునా ఒకటే రెక్క, పాము తల, పైకొచ్చి గాలి మింగుతుంది, పిల్లల గుంపుకి కాపలా కాస్తుంది. అచ్చం కొర్రమీను! బంధుత్వం ఏమీ లేదట, పోలికే. కండ మాత్రం మోసం, వెంటనే వండకపోతే మెత్తగా పిండైపోతుంది. మన కొర్రమీను సంగతి ఇంకా వింత: బతికున్నదైతే అది ఇక్కడ నేరస్థుడు. 2002లో మేరీల్యాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊళ్లో ఎవరో ఆ జాతి చేపల్ని చెరువులో వదిలితే పిల్లలు పెట్టాయి, చెరువులో మందు కలిపి మొత్తం చంపేశారు. అదే ఏడాది నుంచి బతికున్న కొర్రమీను జాతి ఏదీ దేశంలోకి తేకూడదు. తెలంగాణలో రాష్ట్ర చేప, ఇక్కడ దొంగ!

అందుకని నా పులుసు క్యాట్‌ఫిష్‌తోనే. మన జెల్లకి అన్నయ్య. ముల్లు గుచ్చుకుంటే సలుపు కూడా అదే. ఇక్కడి వాళ్లు తలని మేకుకి తగిలించి, పట్టకారుతో తోలు మొత్తం లాగేస్తారు. తోలు లేని జెల్ల పులుసేంట్రా! నేను ఓక్ కట్టెల బూడిద తెచ్చి, చేపకి దట్టంగా పట్టించి, బండ మీద రుద్దాను. జిగురంతా ఊడి తెల్లగా తేలింది. పెద్దాయన కుర్చీ లాక్కొచ్చుకుని కూర్చుని చూశాడు. కప్పలు పట్టేవాడికి బూడిద తెలియదు! ఆ గర్వంలో పొట్ట చీల్చేటప్పుడు కత్తి లోతుకి దిగి చేదుకట్టు పగిలింది. ఆకుపచ్చ నీళ్లు. గబగబా ఆ చుట్టూ కండ కోసి పారేసి, ఉప్పూ నిమ్మరసంతో కడిగాను, అయినా పొట్ట ముక్కల్లో చేదు మిగిలింది. నానమ్మ అయితే వేలుతో తడిమి, గింజ తీసినట్టు తీసేది.

పులుసులో బెండకాయలు వేశాను. గిన్నె చెవులు పట్టుకుని తిప్పాను తప్ప గరిటె పెట్టలేదు. ఇక్కడా పులుసులాంటిది ఉంది, గంబో అంటారు, ఆ మాటే ఆఫ్రికా నుంచి వచ్చిందట, అర్థం బెండకాయ. పెద్దాయన మన పులుసు రెండు మార్లు వడ్డించుకుని, చెమట తుడుచుకుంటూ "ఈ పులుపు ఏ చెట్టుది?" అని అడిగాడు. చింతపండు ముద్ద చేతిలో పెడితే వాసన చూసి జేబులో వేసుకున్నాడు.

ఒక పని చేసిపెట్టరా. మీ అటక మీద తాత మావు ఇంకా ఉంటే దించి ఫొటో తీసి పంపు. పుల్లకీ పుల్లకీ మధ్య సందు ఎంతో, గరాటు మూతి ఎన్నంగుళాలో టేపుతో కొలిచి రాయి. ఇక్కడ వెదురు దొరుకుతుంది, పెద్దాయన అల్లి చూస్తానంటున్నాడు. చెదలు తినేసి ఉంటే మీ నాన్నని కూర్చోబెట్టి నోటితోనే కొలతలు చెప్పించు, ఆయన బోరు కొడుతున్నా ఆపకు, రికార్డు చేసి పంపు.

నీ
చిన్నోడు