దూడల పాలపొడి సంచిపై ఫిర్యాదు

వినియోగదారుల విభాగం మేనేజరు గారికి,

విషయం: పాడైన మిల్క్ రీప్లేసర్ (తల్లిపాల బదులు దూడలకి పట్టే పాలపొడి) సంచి, పెయ్యదూడ మరణం, నష్టపరిహారం గురించి.

అయ్యా,

మాది ప్రకాశం జిల్లాలో చిన్న పాడి. గ్రేడెడ్ ముర్రా గేదెలు, అంటే నాటు గేదెల్ని ముర్రా దున్నతో కట్టించగా వచ్చిన సంతతి, ఐదు ఉన్నాయి. పాలు కేంద్రానికి పోస్తేనే ఇల్లు గడిచేది. అందుకే తల్లి పొదుగులోకి పాలు దిగేలా దూడని చేపుకి వదిలి, నాలుగు గుక్కలు తాగాక పక్కన కట్టేసి, మిగతా కడుపు మీ పాలపొడితో నింపుతున్నాం. ఇంతకు ముందు వాడిన సంచులకు వంక పెట్టలేదు. ఈసారి డీలరు ఇచ్చిన పది కిలోల సంచితోనే గొడవ వచ్చింది.

పైన ఉన్న పొడి బాగానే కరిగింది. సంచి తగ్గుతున్న కొద్దీ రెండు దూడలూ పారుకోవడం మొదలుపెట్టాయి. వెంటనే పొడి ఆపేసి, మిగిలింది పట్టా మీద కుమ్మరించి చూశాను. అడుగు పొడి పసుపు రంగుకు తిరిగి, పిడికెడంత గడ్డలు కట్టి ఉంది. ఒక గడ్డని గోరువెచ్చని నీళ్ళలో చిదిపితే పైన నూనె తెట్టు తేలింది, కింద ఇసుకలా మడ్డి దిగింది. మాడిన వంటనూనె కంపు. ఇక సంచి వెనక తయారీ నెల ఉండాల్సిన చోట ఒక స్టిక్కరు అంటించి ఉంది. గోటితో అంచు లేపితే దాని కింద అంతకన్నా పాత నెల అచ్చయి ఉంది. ఫోటోలు జతచేశాను. ఆ స్టిక్కరు మీరు వేశారో, మధ్యలో ఇంకెవరైనా వేశారో నాకు అనవసరం. సంచి మీద పేరు మీదే.

మీ కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ అడిగిందల్లా నీళ్ళు ఎంత వేడి, ఏలికపాముల మందు పట్టారా అనే. నీళ్ళు థర్మామీటర్ పెట్టి చూసి 40 డిగ్రీలు దాటాకే కలుపుతాం, కిలోకి ఎనిమిది లీటర్లు, సంచి మీద రాసినట్టే. గేదె దూడలకి ఏలికపాములు తల్లిపాల నుంచే వస్తాయని మాకు తెలుసు, అందుకే పదో రోజునే పైపరజైన్ పట్టించాం. పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగించాం. అదే కొట్టంలో మూడో దూడ ఉంది. అవే నీళ్ళు, అదే మందు, అదే నేల. అది తల్లిపాలే తాగుతోంది, దానికి ఏమీ కాలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

రెండు దూడల్లో పెద్దది సెలైన్‌తో తేరుకుంది. మూడు వారాల పెయ్య నిలవలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి, మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే మడత అలాగే ఉండిపోయింది. పశువైద్యుడు రాసిచ్చిన కాగితం, మందుల బిల్లులు కూడా జతచేశాను.

మీ ప్రతినిధి డీలరు కొట్టుకి వచ్చి ఇంకో సంచి ఇస్తామన్నాడు. లెక్క అక్కడే తేడా వస్తోంది. పెయ్య పోయింది, దాంతోపాటు తల్లి చేపడం మానేసింది. దాణా ముందు పెట్టినా, పొదుగు ఎంత నిమిరినా కాలు విసురుతోంది. కేంద్రానికి పోసే పాలు సగానికి పడ్డాయి. ఊళ్ళో పాలు దిగడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పొడవమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ పని నేను చెయ్యను. ముర్రా పెయ్య ఈనాలంటే మూడేళ్ళు పైనే పడుతుంది, అంతకాలం పెంచితేగానీ ఇంకో పాడి గేదె రాదు. మీరు ఇస్తామంటున్న సంచి దీనిలో ఏ మూలకి వస్తుంది?

ఇంకో మాట. సంచి మీద ప్రోటీన్ 22 శాతం అని మాత్రమే ఉంది. అందులో పాల నుంచి వచ్చింది ఎంత, సోయా నుంచి వచ్చింది ఎంత? మొదటి మూడు వారాల్లో దూడ పాల ప్రోటీన్ అరిగించుకున్నట్టు సోయాని అరిగించుకోలేదు. ఆ సంగతి చెప్పకుండా పుట్టిన వారం నుంచే వాడండి అని రాయడం ఎంతవరకు సబబు? ఆ రాసింది కూడా హిందీ, ఇంగ్లీషుల్లోనే. చట్టానికి అది చాలు, కాదనను. కానీ ఈ పొడి కలిపేది మా ఇంట్లో మా అత్తగారు.

ఈ లాటు సంచులు మా మండలంలో ఇంకెవరికి వెళ్ళాయో డీలరు దగ్గర కనుక్కుని వెంటనే వెనక్కి తెప్పించండి. ల్యాబులో పరీక్ష చేయించి ఆ రిపోర్టు నాకు పంపండి. వైద్యం ఖర్చు, పెయ్య ఖరీదు, తగ్గిన పాల నష్టం కట్టివ్వండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్న సరుకు ఖరీదు 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా లేదు.

మిగిలిన పొడి, సంచి, స్టిక్కరుతో సహా తడి తగలకుండా డబ్బాలో దాచాను. మీ మనిషిని పంపితే పొద్దున పదింటి తర్వాత రమ్మనండి, ముందు వస్తే పాలు పితికే హడావుడిలో ఉంటాం. సంచి మొత్తం మాత్రం చేతికి ఇవ్వను. పశువైద్యుడి ఎదుట నమూనా రెండు భాగాలు చేసి, ఇద్దరం సంతకాలు పెట్టి సీలు వేసుకుందాం. ఒకటి మీకు, ఒకటి నాకు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
పాడి రైతు, ప్రకాశం జిల్లా

జతలు: కొనుగోలు బిల్లు, స్టిక్కరు ఫోటోలు, పశువైద్యుడి ధ్రువపత్రం, మందుల బిల్లులు, పాల కేంద్రం పాస్‌బుక్ నకలు.